మారిషస్ తీరం గురించి తెలిసినవారు దారి చూపగలరా?

నమస్కారం. మారిషస్‌లో ఉంటున్న, లేదా అక్కడ చదువుకున్న తెలుగువారి సాయం కావాలి. చిన్న ద్వీపదేశం తన సముద్రాన్ని తానే ఎంతవరకు అధ్యయనం చేసుకోగలదన్నది నా పీజీ ప్రాజెక్టు విషయం.

2020 జులై 25న వకాషియో నౌక ఆగ్నేయ తీరంలో పగడపు దిబ్బపైకి ఎక్కింది. ఆగస్టులో సుమారు 1,000 టన్నుల చమురు సముద్రంలో కలిసింది. అప్పుడు జనం చెరకు ఆకును గుడ్డ సంచుల్లో కూరి, కుట్టి, తేలడానికి ఖాళీ ప్లాస్టిక్ సీసాలు కట్టి నీళ్లలో అడ్డుకట్టలు వేశారు. మోచేతుల దాకా నల్లబడిన ఆ చేతుల ఫోటోలు చూశాకే ఈ విషయం ఎంచుకున్నాను.

దేశాన్ని పోషించిన చెరకుకు 1953 నుంచే పరిశోధన సంస్థ ఉంది. సముద్రం కోసం సంస్థను ఏర్పాటు చేసే చట్టం వచ్చింది మాత్రం 1999లో. పర్యాటకమంతా ఆ తీరం మీదే నడుస్తున్నప్పుడు ఇది చాలా ఆలస్యమని నా అభిప్రాయం.

చమురు తాకిన మడ అడవులు, పగడాలపై ఏటేటా తీసిన కొలతలు ఎక్కడ దొరుకుతాయి? బయటి దేశపు విద్యార్థికి ఇస్తారా? విదేశీ బృందాలు సేకరించిన నమూనాలు, వివరాలు స్థానిక శాస్త్రవేత్తలకు అందుతున్నాయా? ఒక కార్యాలయానికి రాసి రెండు నెలలైంది, జవాబు లేదు. ఎవరిని అడగాలో చెప్పినా చాలు. నాకు ఫ్రెంచి రాదు. అక్కడి పత్రికల్లో వచ్చిన కథనాలు నాలుగైదు చదివి సారాంశం చెప్పగలవారుంటే ఎంతో మేలు చేసినవారవుతారు.