విమాన కంపెనీ మునిగితే ప్రభుత్వం ఎన్నిసార్లు లేపాలి?

అరండల్‌పేట_మాస్టారు:
మొన్న గుంటూరులో మా బావమరిదితో పెద్ద వాదన. ఎయిరిండియాని ప్రభుత్వం అమ్మేసి తప్పు చేసిందంటాడు. నేనైతే ఆలస్యం చేసిందంటాను. 2007లో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌ని తెచ్చి అందులో కలిపారు. 2012లో 30 వేల కోట్ల పైచిలుకు సాయానికి ఒప్పుకున్నారు. అయినా 2021 ఆగస్టుకి అప్పు 61,562 కోట్లు. టాటాలు అందులో 15,300 కోట్లు నెత్తికెత్తుకుని 2,700 కోట్లు చేతికిచ్చారు. మిగతా 46 వేల కోట్లు ఎవరి మీద పడ్డాయి? జన్మలో విమానం ఎక్కని మిర్చియార్డు హమాలీ సబ్బు కొన్నా పన్ను కడతాడు కదండీ, ఆయన మీద కూడా.

పటమట_పద్మ:
లెక్క సరే మాస్టారూ. 2020లో మా చెల్లెలు కువైట్‌లో ఇరుక్కుపోయింది. ఉద్యోగం పోయింది, చేతిలో రెండు నెలల అద్దె డబ్బులే. కరోనాలో ఇరుక్కున్నవాళ్లని తేవడానికి ఎయిరిండియా నడిపిన వందే భారత్ విమానాల జాబితాలో పేరొచ్చిన రోజు మా అమ్మ అన్నం తింది. 1990లో కువైట్ యుద్ధం అప్పుడూ అంతే, లక్ష మందికి పైగా మనవాళ్లని అమ్మాన్ నుంచి తెచ్చింది ఎయిరిండియానే. లాభం చూసుకునేవాడు వెళ్తాడా?

గవర్నర్‌పేట_కుర్రోడు:
వెళ్తాడక్కా, అద్దె ఇస్తే. 2022లో ఉక్రెయిన్ నుంచి మెడిసిన్ పిల్లల్ని తెచ్చేనాటికి ఎయిరిండియా టాటాల చేతికెళ్లి నెల అయింది. ఇండిగో, స్పైస్‌జెట్ కూడా వెళ్లాయి, వైమానిక దళం విమానాలు సరేసరి. ఇంట్లో పెళ్లుందని ట్రావెల్స్ కంపెనీనే కొనేస్తామా?

పటమట_పద్మ:
పెళ్లి పోలిక బాగుంది గానీ, ఊళ్లో ట్రావెల్స్ ఒక్కటే మిగిలితే వాడు చెప్పిందే రేటు తమ్ముడూ. 2012లో కింగ్‌ఫిషర్ ఆగింది, 2019లో జెట్, 2023లో గో ఫస్ట్. ఇప్పుడు దేశంలో తిరిగేవాళ్లలో నూటికి అరవై మందికి పైగా ఇండిగోలోనే. 2025 డిసెంబరులో దాని విమానాలు వందల్లో రద్దయ్యేసరికి మిగతా టికెట్లు ఆకాశానికంటి, చివరికి ప్రభుత్వమే రేట్లకి హద్దు పెట్టింది.

అరండల్‌పేట_మాస్టారు:
ఆ మాట ఒప్పుకుంటానమ్మా. పూర్తిగా వదిలేయమని నేనూ అనను. 2020లో జర్మనీ ప్రభుత్వం అక్కడి విమాన కంపెనీ లుఫ్తాన్సాకి 9 బిలియన్ యూరోల దాకా సాయం ప్రకటించింది. ఊరికే కాదు. 20 శాతం వాటా రాయించుకుంది, బాకీ తీరేదాకా వాటాదారులకి లాభంలో పంచే డివిడెండ్ ఇవ్వొద్దంది. 2021 నవంబరుకల్లా అప్పు తీరిపోయింది, మరుసటి ఏడు వాటా అమ్ముకుని లాభం కూడా చూసుకుంది. అదే ఇటలీలో అలిటాలియాకి పోసిన కొద్దీ ఇంకింది. 2021 అక్టోబరులో మూతపడింది. మొదటిది కరోనా దెబ్బ, రెండోది పాత జబ్బు. రెండింటికీ ఒకే సెలైన్ పెడితే ఎలా?

గన్నవరం_గోపాలం:
మన ఊరి సంగతి ఎవరూ ఎత్తరేం? 2018 డిసెంబరులో గన్నవరం నుంచి సింగపూర్‌కి ఇండిగో సర్వీసు మొదలైంది. సీట్లు నిండకపోతే ఆ లోటు రాష్ట్ర ప్రభుత్వం భరించేట్టు ఒప్పందం. 2019లో ఆ డబ్బు ఆగింది, విమానమూ ఆగింది. అప్పట్లో తిట్టుకున్నాను, మా అబ్బాయి అక్కడే ఉంటాడు మరి. ఇప్పుడాలోచిస్తే అదే పద్ధతి నయమనిపిస్తుంది. ఒక్క రూటుకి ఇంత ఇచ్చాం, వద్దనుకున్నాక మానేశాం. కంపెనీ అప్పులు మనకి చుట్టుకోలేదు. ఆర్టీసీలో ఆడవాళ్లకి ఉచిత టికెట్టు చూడండి, ఫలానా పనికి ఇంత అని ప్రభుత్వం లెక్కకట్టి ఇవ్వాల్సిందే.

పటమట_పద్మ:
ఆ లెక్క ఆర్టీసీకి టైముకి అందుతుందా అని నెహ్రూ బస్టాండులో ఏ కండక్టర్నైనా అడగండి బాబాయ్.

గన్నవరం_గోపాలం:
అడిగాను. నవ్వాడు.