డిసెంబర్ చలిలో కోడిపిల్లలను డాబా మీదికి ఎప్పుడు మార్చాలి?

ఉప్పల్_డాబా:
మా గ్రామప్రియ జాతి కోడిపిల్లలకు ఐదో వారం నడుస్తోంది. హాల్లో అట్టపెట్టెలో బల్బు కింద ఉన్నాయి. పెట్టె చాలక ఎగిరి సోఫా ఎక్కుతున్నాయి, ఇల్లంతా ఊక దుమ్మే. డాబా మీద జాలీ గూడు రెడీ. అమ్మ సంక్రాంతి దాకా ఆగమంటోంది, మా ఆవిడ ఈ ఆదివారమే అంటోంది. ఎవరి మాట వినాలి?

ఘట్‌కేసర్_షెడ్:
ముందు ఈకలు చూడు అన్నా. ఒక పిల్లను చేతిలోకి తీసుకుని వీపు, మెడ, రెక్కల కింద చూడు. నూగు పోయి ఈక నిండితేనే చలికి ఆగుతుంది. మొదటి వారం 35 డిగ్రీలు ఇచ్చి వారానికి మూడేసి తగ్గిస్తూ వస్తే ఐదో వారానికి 23 అవుతుంది. ఎండాకాలంలో అయితే ఇంత ఆలోచనే అక్కర్లేదు, బయటే అంతకన్నా వేడి. డిసెంబర్‌లో మన దగ్గర రాత్రి 13, 14కు పడిపోతుంది, ఊరి చివర ఇంకా తక్కువ.

ఇంట్లోనే రాత్రి బల్బు ఆర్పి చూడు. విడివిడిగా పడుకుంటే సరే. ఒకదాని మీద ఒకటి ఎక్కి కీచుమంటుంటే ఇంకా టైముంది. అలా గుట్టగా పడినప్పుడు అడుగున ఉన్నవి ఊపిరాడక చస్తాయి.

మల్కాజిగిరి_అక్క:
ఎండ ఎక్కాక పైకి, పొద్దు వాలకముందే కిందికి. కొన్నాళ్లు ఇలా చేస్తే మీ అమ్మగారి మాటా నెగ్గుతుంది, మీ ఆవిడ మాటా నెగ్గుతుంది.

పాతకాలం_పెద్దాయన:
మా ఊళ్లో బల్బులెక్కడివి? తల్లికోడే తిప్పుకొచ్చేది, రాత్రి గంప మూసేవాళ్లం. మీకు టెన్షన్ ఎక్కువ.

ఘట్‌కేసర్_షెడ్:
బాబాయ్, మీ పెట్ట రెక్కల కిందే ఆ వేడంతా ఉండేది. ఇవి తల్లి లేని పిల్లలు. గ్రామప్రియ, వనరాజా మన రాజేంద్రనగర్ కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకానికని తయారుచేసినవే. వాటిని కూడా ఆరు వారాలు లోపల పెంచాకే బయటికి వదలమంటారు.

మౌలాలి_భాయ్:
చలి సంగతి సరే, జాలీ ఏది వేశారు? ఆరు మూలల కన్నాల సన్న కోడి జాలీ కోళ్లను లోపల ఆపుతుందేమో గానీ కుక్కనూ ముంగిసనూ ఆపదు. కన్నం పెద్దదైతే పిల్లి పంజా పెట్టి పిల్లను లాగేస్తుంది. అరంగుళం వెల్డ్ మెష్ వేయండి, డబ్బు చాలకపోతే కింది రెండడుగులకైనా. గడియకు తీగ చుట్టండి. గద్దలకు పైన కూడా జాలీ ఉండాలి. మా గల్లీ పిల్లుల తెలివి మనుషులకుంటే ఎప్పుడో ఉద్యోగాలొచ్చేవి.

ఉప్పల్_డాబా:
అంగుళం జాలీ వేశాం భాయ్. మార్చాల్సిందే అన్నమాట. గూడు మూడు వైపులా తెరిచే ఉంది, పట్టా కప్పాలా?

మల్కాజిగిరి_అక్క:
గాలి కొట్టే వైపు కట్టండి, పైన జానెడు వదలండి. మొత్తం మూసేస్తే రెట్టల ఘాటుకు పిల్లల కళ్లు మండుతాయి. గచ్చు రాత్రి చల్లబడిపోతుంది, ఊక మందంగా పోయాలి. నీళ్ల గిన్నె దగ్గర తడిసిన ఊక రోజూ తీసేయండి. తడి ఊకలోనే కాక్సీడియోసిస్ అనే పేగుల జబ్బు ముదురుతుంది, రెట్టలో రక్తం కనిపిస్తే వెంటనే డాక్టర్‌కు చూపించండి.

టీకాలు వేయించారా? కొక్కెర తెగులుకు మొదటి వారంలో లసోటా టీకా వేస్తారు, 28వ రోజు దగ్గర మళ్లీ వేస్తారు. ఆ తెగులు వస్తే గూడు ఖాళీ అయిపోతుంది. టీకా వేసిన రోజే గూడు మార్చొద్దు. లసోటా నీళ్లలో కలిపి ఇచ్చేటట్టయితే నల్లా నీళ్లు వాడకండి, క్లోరిన్‌కు మందు చచ్చిపోతుంది.

ఉప్పల్_డాబా:
రెండుసార్లూ వేయించాం అక్కా. పైన పాత పెట్టలు రెండున్నాయి. అందులోనే వదలొచ్చా?

మౌలాలి_భాయ్:
వద్దు. మధ్యలో జాలీ అడ్డం పెట్టండి, చూసుకుంటాయి గానీ పొడవలేవు. దాణా కూడా వేరు. గుడ్ల కోళ్ల దాణాలో సున్నం ఎక్కువ, పిల్లల కిడ్నీలకు మంచిది కాదు. సైజులో దగ్గరికొచ్చాక అడ్డం తీసేయండి.