శ్రమల కాలంలో పాఠాల పట్టిక పక్కన పెట్టొచ్చా?

పాతగంట:
అందరికీ వందనాలు. మా లూథరన్ సంఘంలో ఈసారి భస్మ బుధవారం నుంచి, అంటే ఈస్టరు ముందు వచ్చే శ్రమల కాలం మొదటి రోజు నుంచి, పాఠాల పట్టిక (ఏ రోజు ఆరాధనలో ఏ బైబిలు భాగాలు చదవాలో చెప్పే జాబితా) తీసి పక్కన పెట్టేశారు. రోజూ సాయంత్రం ఉపవాస కూటం, రోజూ ఉపవాసం మీదే ప్రసంగం. ఆదివారం కూడా పట్టికలోని పాత నిబంధన, అపొస్తలుల పత్రిక, సువార్త పాఠాలు చదవట్లేదు. ఇది సరైనదేనా?

పల్నాడు కుర్రాడు:
పట్టిక బైబిల్లో ఉందా బ్రదర్? సేవకుణ్ణి కాగితానికి కట్టేస్తే ఆత్మ నడిపింపు ఎక్కడ? మా ఊళ్లో ఉపవాస కూటాలు పెట్టాక తాగుడు మానేసినవాళ్లు ఉన్నారు. పట్టిక విని ఎవరు మారారు?

పాతగంట:
పట్టిక బైబిల్లో లేదు, నిజమే. పట్టికలో ఉన్నదంతా బైబిలే కదండి. భస్మ బుధవారం సువార్త మత్తయి 6. ఉపవాసం ఉంటే తల అంటుకుని, ముఖం కడుక్కుని, మనుషులకు తెలియకుండా ఉండమని ప్రభువే చెప్పాడు. ఆ పాఠం చదివి ఉంటే, ఎవరెవరు ఉపవాసం ఉన్నారో చేతులెత్తమని కూటంలో అడిగేవారా? మొదటి ఆదివారం ఎడారిలో ప్రభువు శోధన. మూడేళ్లకోసారి పాఠాలు తిరిగొచ్చే పట్టికలో ఏ ఏడు చూసినా ఆ రోజు అదే. అక్కడ గెలిచింది ఆయన, మనం కాదు. ఏటా అవే పాఠాలు తిరిగొచ్చే పాత పట్టికలోనైతే శ్రమల కాలానికి ముందే మత్తయి 20 వచ్చేది. రోజంతా పనిచేసినవాడికి ఎంతో, పొద్దు గూకే ముందు వచ్చిన కూలీకీ అంతే కూలి. ఉపవాసం మొదలుకాకముందే కృప సంగతి చెవిన పడేది. పట్టిక తీసేస్తే బోధకుడికి నచ్చిన నాలుగు వచనాలే మిగులుతాయి.

వేసవిగాలి:
భస్మ బుధవారం నుంచి ఈస్టరు ముందు శనివారం దాకా 46 రోజులు. 6 ఆదివారాలు తీసేస్తేనే 40. మీ దగ్గర ఆదివారం కూడా ఉపవాసమేనా?

పాతగంట:
అవునండి.

పల్నాడు కుర్రాడు:
ఆత్మల గురించి మాట్లాడుతుంటే లెక్కలేంటండి?

వేసవిగాలి:
ఆదివారం పునరుత్థాన దినం కాబట్టి. ఆ రోజు పస్తుండటం తగదు. ముందు దానికి జవాబు చెప్పండి.

నీలిఅంచు:
మా అమ్మకి షుగర్, ఇన్సులిన్ మీద ఉంది. పోయినేడు శ్రమల కాలంలో ప్రభు భోజనానికి (బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షారసం తీసుకోడానికి) లేవబోతుంటే ఒక సంఘ పెద్ద అడ్డొచ్చి, “ఉపవాసంతో సిద్ధపడ్డావా అమ్మా?” అన్నారు. లేదని చెప్పి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుండిపోయింది. ఆ తర్వాత మళ్లీ బల్ల దగ్గరికి పోలేదు. మన లూథరన్ సంఘాలకు మూలపురుషుడు మార్టిన్ లూథరు గారు 1529లో రాసిన చిన్న కేటకిజంలో (ప్రశ్నలు, జవాబులుగా ఉండే విశ్వాస బోధ పుస్తకం) ఏముంది? ఉపవాసం మంచి క్రమశిక్షణే, కానీ “మీకోసం” అన్న ప్రభువు మాటను నమ్మినవారే యోగ్యులు అని. కన్ఫర్మేషన్ క్లాసులో అందరం బట్టీ పట్టిందే కదా!

పల్నాడు కుర్రాడు:
సిస్టర్, తప్పు ఆ పెద్దది, ఉపవాసానిది కాదు.

పాతగంట:
బలవంతం చేశాక రెండూ వేరెలా అవుతాయి? 1522లో లూథరు గారు ఊళ్లో లేనప్పుడు, జర్మనీలో ఆయన ఉండే విట్టెన్‌బర్గ్‌లో ఆరాధన మార్పులు హడావిడిగా జనం మీద రుద్దారు. ఆయన తిరిగొచ్చి, శ్రమల కాలం మొదటి ఆదివారం నుంచి వరుసగా 8 రోజులు ప్రసంగించారు. మార్పులు మంచివైనా బలవంతం వద్దు, వాక్యమే పని చేస్తుందన్నారు.

పల్నాడు కుర్రాడు:
మరి పట్టిక మాత్రం బలవంతం కాదా? ఆచారాలు అన్నిచోట్లా ఒకేలా ఉండనక్కర్లేదని లూథరన్ల విశ్వాస ప్రకటన అయిన 1530 ఆగ్స్‌బర్గ్ ఒప్పుకోలు 7వ అధికరణంలోనే ఉంది. అసలు సంగతి చెప్పనా? మా నాన్న బతికినంతకాలం ఏ ఆదివారమూ పాఠాలు మానలేదు. సోమవారం సారా కొట్టు. అమ్మ గాజులు కుదువకి పోయాయి. ఒక్కరు కూడా ఆయన్ని నిలదీయలేదు. “కృప చాలు” అని పంపేశారు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది.

పాతగంట:
ఆయన్ని నిలదీయాల్సిందే బ్రదర్. మీ అమ్మగారికి అన్యాయం జరిగింది. కానీ మారాకే కృప అంటే ఆయనకి ఇక దారేది?

నీలిఅంచు:
బ్రదర్, మీ సంఘంలో అయితే మా అమ్మని బల్ల దగ్గరికి రానిస్తారా?

పల్నాడు కుర్రాడు:
తప్పకుండా సిస్టర్. మా నాన్ననైతే రానివ్వను.

పాతగంట:
తాగి వస్తే నేనూ ఆపుతాను. మర్నాడు ఏడుస్తూ వస్తే?

పల్నాడు కుర్రాడు:
ఎన్నిసార్లండి? ఆయన ప్రతి మంచి శుక్రవారమూ ఏడ్చాడు.