సుమో బరిలో గుంబాయ్ ఇంకా అవసరమా?

బరిగీత:
టీవీలో సుమో చూసేవాళ్లకు ఒక ప్రశ్న. పోటీ ముగిసిన మరుక్షణమే గ్యోజీ, అంటే బరిలో నిలబడే రిఫరీ, తన చేతిలోని గుంబాయ్‌ను, అంటే చెక్క విసనకర్రను, గెలిచినవాడి వైపు, తూర్పుకో పడమరకో, చూపాలి. ఇద్దరూ ఒక్కసారే పడినా 'తేలలేదు' అనడానికి వీల్లేదు. ఎవరైనా అభ్యంతరం చెబితే చుట్టూ కూర్చున్న ఐదుగురు జడ్జీలు బరిలోకి ఎక్కి మాట్లాడుకుంటారు, వీడియో గది చెప్పేది వింటారు. అక్కడ గ్యోజీ తన అభిప్రాయం చెప్పొచ్చు కానీ ఓటు లేదు. మళ్లీ ఆడించే అధికారం కూడా జడ్జీలదే. మరి ఆ గుంబాయ్ అలంకారం కాక ఏమిటి? నేరుగా జడ్జీలే తేల్చేయొచ్చు కదా?

పాతచూపరి:
అలంకారం అంటే ఒప్పుకోను. జపాన్‌లో సెంగోకు అనే పాత అంతర్యుద్ధాల కాలంలో సేనాపతి చేతిలో ఉన్నది ఈ మడతపడని విసనకర్రే. ఆ గోలలో నోటిమాట ఎవరికి వినబడుతుంది? దూరానికి కనబడే సైగ కావాలి. బరిలోనూ దాని పని అదే.

1969 మార్చి, ఒసాకా టోర్నీ రెండో రోజు గుర్తు చేసుకోండి. యొకొజున, అంటే అత్యున్నత హోదా మల్లుడు, తైహో అప్పటికి వరసగా 45 గెలిచి ఉన్నాడు. ఎదురుగా తోదా. గ్యోజీ విసనకర్ర తైహో వైపు లేచింది. జడ్జీలు చర్చించి తోదాకు ఇచ్చేశారు. తర్వాత ఫొటోలు చూస్తే తోదా కాలే ముందు బరి బయటపడింది, అంటే ఓడింది అతనే! గ్యోజీ కన్ను సరిగ్గానే చూసింది, తప్పింది జడ్జీలే. ఆ గొడవ తర్వాతే, మే టోర్నీ నుంచి వీడియో వచ్చింది.

ఇసుకరేణువు:
మీరు చెప్పింది వీడియో అవసరాన్ని నిరూపిస్తుంది కానీ గుంబాయ్ అవసరాన్ని కాదు. అయినా అది ఉండాలనే నేనూ అంటాను. బరి అంచు బయట మెత్తటి ఇసుక పరిచి, చీపురుతో ఊడ్చి ఉంచుతారు. మడమ రవ్వంత తగిలినా గుర్తు పడుతుంది. ఇద్దరు భారీ మనుషులు మీదికి దొర్లుకొస్తుంటే తప్పుకుంటూ, వంగి ఆ పాదాలనే చూసేవాడు గ్యోజీ. జడ్జీలు కూర్చున్న చోటు నుంచి కదలరు. క్రికెట్లో డీఆర్ఎస్ ఉన్నా ముందు అంపైర్ వేలెత్తాలి కదా, ఇక్కడా మొదటి మాట ఒకరు చెప్పాలి.

నా బాధ వేరే. అగ్రశ్రేణి గ్యోజీలు, కిమురా షోనోసుకే, షికిమోరి ఇనోసుకే బిరుదులున్నవాళ్లు, నడుముకు చిన్న కత్తి కట్టుకుంటారు. తప్పు తీర్పిస్తే ప్రాణమిస్తానన్న పాతకాలపు ప్రతిజ్ఞ అది. ఇప్పటికీ వాళ్ల తీర్పు తిరగబడితే సంఘం అధ్యక్షుడి దగ్గరికి వెళ్లి రాజీనామా చేస్తామంటారు. మామూలుగా అది ఆమోదించరు, కానీ ఆ టెన్షన్ మాత్రం వాళ్లదే. ఇంత బరువు మోసే మనిషికి చర్చలో ఓటు లేకపోవడం అన్యాయం.

పాతచూపరి:
ఓటు మాత్రం వద్దండీ. అభ్యంతరం వచ్చింది ఆయన తీర్పు మీదే. దాన్ని ఆయనే ఎలా తూకం వేస్తాడు? రాజీనామా ఆనవాయితీ తీసేయండి, నేనూ సంతకం పెడతాను.

బరిగీత:
1969 సంగతి నాకు తెలియదు, చెప్పినందుకు థాంక్స్. అలంకారం అన్నమాట వెనక్కి తీసుకుంటున్నా. ఓటు విషయంలో మాత్రం ఇసుకరేణువు గారి పక్షమే. ఆరో ఓటుగా కాకపోయినా, జడ్జీలు ఒక మాట మీదికి రానప్పుడైనా మొదట చూపిన వైపుకే విలువ ఇవ్వాలి.