ఇంట్లో ఉన్న ఊలుతో జడల స్వెటర్: 680 గ్రాములు సరిపోతాయా?

గంటస్తంభం (విజయనగరం):
నమస్కారమండీ. ముందు తెరిచి గుండీలు పెట్టుకునే స్వెటర్ నాకోసం అల్లుకోవాలి. ధనుర్మాసంలో తెల్లవారుజామున ఎస్.కోట మీదుగా అరకు వెళ్లాలంటే శాలువాకి చలి ఆగదు. అందుకే మందంగా, జడల డిజైన్‌తో కావాలి. కొత్త ఊలు కొనను. ఉన్నది మీగడ రంగు 8 ప్లై (లావు పోగు) 280 గ్రాములు, మెరూన్ 4 ప్లై (సన్న పోగు) 400 గ్రాములు. లేబుళ్లు లేవు. మెరూన్‌లో సగం పాత స్వెటర్ విప్పినది. నా ఛాతీ 36 అంగుళాలు, స్వెటర్ 40 రావాలి, పొడవు 60 సెం.మీ. అంతా మీగడ రంగు జడలు, బోర్డర్లు మెరూన్ అనుకున్నాను. సరిపోతుందా? జడలు వేస్తే వెడల్పు తగ్గుతుందంటారు, ఎన్ని కుట్లు పెంచాలి?

నాగావళి (శ్రీకాకుళం):
మొత్తం ఊలు చాలుతుంది గాని మీరనుకున్న పద్ధతిలో చాలదండీ. మీగడ రంగు మధ్యలో అయిపోతుంది. ఊహించకుండా తూకం వేసి చూడండి, ఒక గ్రాము తేడా కూడా చూపించే వంటింటి తూకం ఉంటే చాలు.

నంబర్ 8 సూదులతో (4 మి.మీ.) మూడు ముక్కలు అల్లండి: మీగడ రంగులో జడలతో ఒకటి, సాదాగా ఒకటి, మెరూన్ రెండు పోగులు కలిపి సాదాగా ఒకటి. ఒక్కోటీ 15 సెం.మీ. చదరం. ఉతికి, పరిచి ఆరబెట్టాకే కొలవండి, తూచండి. మెరూన్‌ని ఒంటి పోగుతో అల్లితే 8 ప్లై పక్కన పల్చగా పడి, అతుకు దగ్గర గుంజుతుంది. రెండు పోగులైతే దాదాపు అదే మందం వస్తుంది. 10 సెం.మీ.కి 22 కుట్లు రెండింటికీ వస్తే జత కుదిరినట్టే. మెరూన్‌కి 21 వస్తే దానికొక్కదానికీ సూది ఒక నంబరు సన్నంది తీసుకోండి.

ఉదాహరణకి జడల ముక్క 14 గ్రాములు, సాదా ముక్క 11 తూగాయనుకుందాం. రెండు ముందు భాగాలు ఒక్కోటి 24 × 60, అంటే కలిపి 2880 చదరపు సెం.మీ. దాన్ని 225తో (ముక్క 15 × 15) భాగించి 14తో గుణిస్తే 179 గ్రాములు. వీపు 51 × 60 సాదాగా 150 గ్రాములు. చేతులు రెండూ సగటున 33 వెడల్పు, 45 పొడవు, సుమారు 145. గుండీల పట్టీలు, మెడ పట్టీ కలిపి 30. ప్రతి లెక్కకీ పదో వంతు కలుపుకోండి.

అంటే ముందు భాగాలు, పట్టీలు మీగడ రంగులో జడలతో అల్లితే 230 గ్రాములు. వీపు, చేతులు మెరూన్‌లో సాదాగా అయితే 325. రెండు రంగుల్లోనూ కాస్త మిగులుతుంది. వీపు కూడా మీగడ రంగే కావాలంటే ఇంకో 165 గ్రాములు కావాలి, అది మీ దగ్గర లేదు. రంగు పక్క కుట్టు దగ్గర మారుతుంది కాబట్టి చూడటానికి అతికించినట్టు ఉండదు.

బొబ్బిలి అల్లిక:
కుట్ల సంగతి నేను చెప్తాను. 24 సెం.మీ. ముందు భాగానికి 22 లెక్కన 53 కుట్లు. నంబర్ 10 సూదులతో (3.25 మి.మీ.) బోర్డరు 6 సెం.మీ. అల్లి నంబర్ 8కి మారండి. ఒక్కో వైపు 6 కుట్ల జడలు రెండు పెట్టండి, ప్రతి జడకీ అటూ ఇటూ 2 పర్ల్ (ఉల్టా) కుట్లు ఉండాలి. ఆ పర్ల్ గాడి లేకపోతే జడ పైకి లేవదు, చదునుగా కనిపిస్తుంది. బోర్డరు అయిన వరసలోనే జడ వచ్చే చోట 4 కుట్లని 6 చేయండి. రెండు జడలకి 4 పెరిగి మొత్తం 57 అవుతాయి. ఇది చేయకపోతే జడలు లోపలికి లాగి గుండీల దగ్గర విడిపోతుంది. భుజం దగ్గర మూసే వరసలో ప్రతి జడలోనూ రెండు కుట్లు తగ్గించి మళ్లీ 4కి తేవాలి. తేకపోతే భుజం అంచు కుచ్చులా తేలుతుంది.

మెలిక ఎప్పుడూ ఎదుటి వైపు వరసలోనే వేయాలి. మూడు కుట్లు విడి సూదికి ఎక్కించి, తర్వాతి మూడు నిట్ (సీదా కుట్టు) అల్లి, ఆపినవి అల్లండి. 8 వరసలకి ఒక మెలిక చాలు. 4 వరసలకే వేస్తే బట్ట చెక్కలా బిగుసుకుంటుంది, ఊలు కూడా ఎక్కువ తింటుంది. కుడి ముందు భాగంలో ఆపిన కుట్లు వెనక, ఎడమ భాగంలో ముందు పెట్టుకోండి. అప్పుడు జడలు ఎదురెదురుగా తిరుగుతాయి. విడి సూది అసలు సూది కంటే సన్నగా ఉండాలి, లేకపోతే కుట్లు సాగి మెలిక పక్కన కన్నం పడుతుంది.

గంటస్తంభం:
చాలా థాంక్సండీ. వీపు మధ్యలో కూడా ఒక్క జడ పెట్టొచ్చా?

నాగావళి:
ఊలు నాలుగైదు గ్రాములే ఎక్కువ పడుతుంది, పెట్టొచ్చు. కాని జడ అందం దాని నీడలో ఉంది. ముదురు మెరూన్‌లో ఆ నీడ కనబడదు, శ్రమకి ఫలితం తక్కువ. నేనైతే సాదాగానే వదిలేస్తాను.

వంశధార (కళింగపట్నం):
అల్లిక మొదలుపెట్టే ముందు ఊలు ఏదో తేల్చుకోండి. చిన్న ముక్కని పట్టకారుతో పట్టుకుని స్టీలు పళ్లెం మీద కాల్చండి. జుట్టు కాలిన వాసన వచ్చి, నలిపితే పొడయ్యే బూడిద మిగిలితే అసలు ఉన్ని. కరిగి గట్టి పూస కట్టితే యాక్రిలిక్ (కృత్రిమ పోగు). ఒకటి ఉన్ని, ఒకటి యాక్రిలిక్ అయితే కలిపి అల్లొచ్చు గాని, ఉతకడం ఉన్నిలాగే: చల్లని నీళ్లు, రుద్దకూడదు, పిండకూడదు. వేడి నీళ్లు, రాపిడి తగిలితే ఉన్ని ముద్దై కుంచించుకుపోతుంది. యాక్రిలిక్ మీద వేడి ఇస్త్రీ పెడితే బట్ట నీరసపడి మళ్లీ బిగుసుకోదు.

మెరూన్ రంగు దిగుతుందో లేదో తప్పకుండా చూడండి. తడిపిన పోగుని తెల్ల గుడ్డలో గంటసేపు చుట్టి ఉంచండి. మరక పడితే నీళ్లు తేటగా వచ్చేదాకా ముందే ఉతకాలి. ఎంత ఉతికినా దిగుతుంటే మీగడ రంగు పక్కన దాన్ని వాడకండి.

విప్పిన ఊలు వంకీలతో అల్లితే కొలత తప్పు వస్తుంది. కుర్చీ వీపుకి చుట్టి, నాలుగు చోట్ల వదులుగా కట్టి, నానబెట్టి, తాడు మీద వేలాడదీసి ఆరబెట్టండి. మన సముద్రపు తేమలో పూర్తిగా ఆరడానికి ఎక్కువసేపే పడుతుంది, తొందరపడి ఉండ చుట్టొద్దు. ఉన్ని అయితే పోగులు అక్కడక్కడా తెగి ఉన్నాయేమో కూడా చూడండి. తెగి ఉంటే పురుగు పట్టినట్టే. గాలి చొరని కవరులో మూడు రోజులు డీప్ ఫ్రీజర్‌లో పెట్టి తీస్తే పురుగు పోతుంది.

బొబ్బిలి అల్లిక:
పట్టీల గురించి ఒక మాట. అంచున ప్రతి 4 వరసలకి 3 కుట్లు ఎత్తండి. నాలుగూ ఎత్తితే పట్టీ అలలు తేలుతుంది, రెండే ఎత్తితే ముందు భాగం పైకి ముడుచుకుంటుంది. 60 సెం.మీ.కి 7 గుండీలు: మొదటిదీ చివరిదీ అంచు నుంచి 1.5 సెం.మీ.లో, మధ్య దూరం 9.5. జడల బరువుకి మెడ వెనక, భుజాలు సాగుతాయి కాబట్టి లోపలి వైపు ఆ కుట్టు పొడవునా క్రోషే గొలుసు ఒక వరస బిగువుగా వేయండి. గుండీల పట్టీ వెనక సన్న రిబ్బను కుట్టేటప్పుడు దాన్ని ముందే నీళ్లలో తడిపి ఆరబెట్టండి. లేకపోతే మొదటి ఉతుకులో రిబ్బను కుంచించుకుని పట్టీని లాగేస్తుంది.