తవ్వితే బూడిద రంగు లేదు, నీళ్లేమో దిగవు: ఎడారి వరద మైదానంలోని చౌడు నేల గురించి సందేహం

ప్రశ్న:

అందరికీ నమస్కారం. ఎడారి ప్రాంతంలో నదిని ఆనుకుని ఉన్న పల్లపు నేల మీద రిపోర్టు రాయాలి. అక్కడ వాన దాదాపు లేదు. ఎగువ కొండల నుంచి ఏడాదికోసారి వరద మాత్రం వస్తుంది. పైన తెల్లగా ఉప్పు పెచ్చు కట్టి ఉంది, మధ్యమధ్య నల్లని జిడ్డు మరకలు కనిపిస్తున్నాయి. ఎండలు ముదిరిన నెలలో ఆగర్ (నేలలోకి రంధ్రం వేసే బరమా) దించితే 1.2 మీటర్ల దగ్గర నీళ్లు తగిలాయి.

ల్యాబ్ ఫలితాలు ఇవి. పై 15 సెంటీమీటర్లలో పీహెచ్ 9.1, ఈసీ (ఉప్పు ఎంత ఉందో చెప్పే విద్యుత్ వాహకత) 11, ఈఎస్‌పీ (మట్టి రేణువులకు అంటుకున్న సోడియం శాతం) 34. 60 సెంటీమీటర్ల కింద పీహెచ్ 8.9, ఈసీ 5, ఈఎస్‌పీ 30.

నేల నీట నానిందని చూపే బూడిద రంగు పొర గోతిలో లేదు, తుప్పు మచ్చలు కూడా లేనట్టే. "మచ్చలు లేవంటే మురుగు సమస్య (నీరు బయటికి పోక నేలలో నిలిచిపోవడం) లేదు, జిప్సం వేస్తే బాగుపడుతుంది" అని నాతో పనిచేసే ఆయన గట్టిగా అంటున్నారు. అదే రాసేయాలా వద్దా అని టెన్షన్‌గా ఉంది. నీళ్లే లేని ఎడారిలో మురుగు సమస్య ఉందని రాస్తే ఎవరైనా నమ్ముతారా?

జవాబు:

అలా రాయకండి. మీరు పంపిన అంకెలే ఆయన మాట తప్పని చెబుతున్నాయి.

ఈసీ చూడండి. పైన 11, కింద 5. నీళ్లు పై నుంచి కిందికి దిగే నేల అయితే ఉప్పు కిందికి పోయి ఉండాలి. ఇక్కడ పైన ఎక్కువగా ఉందంటే నీటి ప్రయాణం ఎక్కువ కాలం కింది నుంచి పైకే సాగుతోందని అర్థం. వత్తి నూనెను లాగినట్టు సన్న మట్టి భూగర్భ జలాన్ని పైకి లాగుతుంది. ఎండకు నీరు ఆవిరైపోతుంది, ఉప్పు అక్కడే మిగిలిపోతుంది. నీటి మట్టం మీటరున్నర లోతులో ఉన్నా ఒండ్రు నేలల్లో ఇది జరుగుతుంది. అందుకే వాన తక్కువ కాబట్టి మురుగు సమస్య ఉండదనే లెక్క పనికిరాదు. కొట్టుకుపోయేంత వాన లేకపోవడం వల్లే ఉప్పు అక్కడ పేరుకుంటుంది.

ఇంకో మాట. 1.2 మీటర్లు అనేది మీరు చూసిన రోజు లెక్క, అదీ ఎండలు ముదిరినప్పటిది. మురుగు పారే తీరును తేల్చాలంటే ఏడాదిలో నీరు ఎంత పైకి వస్తుందో, ఎన్ని రోజులు అక్కడే ఉంటుందో చూడాలి. వరద తర్వాత అది 40 సెంటీమీటర్ల దాకా వచ్చిందనుకోండి, మీ రిపోర్టు మొత్తం మారిపోతుంది.

ఇక మచ్చల సంగతి. చాలామంది పొరపాటు పడేది ఇక్కడే, నేనూ ఒకప్పుడు పడ్డాను. నీట నానిన నేల బూడిద రంగుకు మారడానికి గాలి అందకపోతే చాలదు. ఇనుమును కరిగించే సూక్ష్మజీవులకు తిండి కావాలి. ఆ తిండి సేంద్రియ పదార్థం, ఎడారి మట్టిలో అది చాలా తక్కువ. పైగా పీహెచ్ పెరిగేకొద్దీ ఇనుము కరగడం కష్టమవుతుంది. ఆమ్ల నేలలో కొన్ని వారాల్లో కనిపించే మార్పు 9 పీహెచ్ దగ్గర నెలలు నానినా సరిగా కనిపించకపోవచ్చు. ఏటా వరద కొత్త మేట వేస్తుంది కాబట్టి మచ్చలు ఏర్పడే వ్యవధి కూడా దొరకదు. సున్నం, ఉప్పు పూతలు ఉన్న కాస్త రంగునూ కప్పేస్తాయి. కాబట్టి మచ్చలు ఉంటే అది గట్టి సాక్ష్యం. లేకపోతే మాత్రం దాన్నిబట్టి ఏమీ తేల్చలేం.

మరో సభ్యుడు:

పైవారి మాటకు కొంచెం చేరుస్తాను. పీహెచ్ 9.1 అనేది సున్నం ఒక్కదాని పని కాదు. సున్నం ఉన్న మామూలు నేల 8.4 దరిదాపుల్లో ఆగిపోతుంది. అది దాటిందంటే సోడియం కార్బొనేటు, బైకార్బొనేటు ఉన్నట్టే. నల్ల మరకలు కూడా అదే చెబుతున్నాయి. ఆ క్షారంలో సేంద్రియ పదార్థం కరిగి, నీటితో పైకి వచ్చి ఆరిపోతే నల్లటి పూతగా మిగులుతుంది. కారు చౌడు అనేది దీన్నే. మీ దగ్గర ఉప్పు కూడా ఎక్కువే కాబట్టి ఇది రెండూ కలిసిన చౌడు. ఈసీ 4 కంటే ఎక్కువ, ఈఎస్‌పీ 15 కంటే ఎక్కువ అనే హద్దులను అమెరికాలోని రివర్‌సైడ్ లవణ పరిశోధనశాల 1954లో ప్రచురించింది. ఇప్పటికీ చాలాచోట్ల ఆ లెక్కే వాడతారు.

చెట్టూచేమా కూడా గమనించండి. టామరిస్క్ లాంటి పొదలు, ఉప్పును తట్టుకునే గడ్డి గుంపులుగా ఉంటే వాటి వేర్లు భూగర్భ జలాన్ని అందుకుంటున్నాయని అనుకోవచ్చు. వాన మీదే బతికే ఎడారి పొదలు అక్కడ ఎక్కడ ఆగిపోతున్నాయో ఆ గీతను మ్యాపులో గుర్తు పెట్టండి.

అడిగినవారు:

చాలా థాంక్సండీ. ఈసీ తేడాను నేను అసలు పట్టించుకోలేదు. ఇంకో సందేహం. నదిలో మంచి నీరు ఉంది కదా, దాన్ని నిలగట్టి ఉప్పు కడిగేస్తే సరిపోదా? గోతిలో 45 సెంటీమీటర్ల దగ్గర సన్నని బంకమట్టి పొర, దాని కింద ఇసుక ఉన్నాయి.

జవాబు:

దయచేసి ముందు ఆ పని చేయకండి. ఇప్పుడు మీ మట్టి రేణువులను పట్టి ఉంచుతున్నది ఆ ఉప్పే. ఉప్పు తక్కువగా ఉన్న నీరు పోస్తే ముందు ఉప్పు పోతుంది, మట్టికి అంటుకున్న సోడియం మిగిలిపోతుంది. అప్పుడు బంకమట్టి రేణువులు విడిపోయి సందులన్నీ పూడుకుపోతాయి. అప్పటిదాకా కాస్తో కూస్తో దిగిన నీరు కూడా దిగదు.

ఇంట్లోనే చూడొచ్చు. ఎండిన చిన్న మట్టి పెళ్లను గాజు గ్లాసులో పెట్టి, కదపకుండా వాన నీరో డిస్టిల్డ్ వాటరో పోయండి. ఉప్పు ఎక్కువ ఉంది కాబట్టి మొదటిసారి తేటగానే ఉండొచ్చు. మెల్లగా వంచేసి మళ్లీ పోయండి. రెండుమూడు సార్లకు చుట్టూ పాలలా మబ్బు కడితే పొలంలోనూ అదే జరుగుతుంది.

సోడియాన్ని తోసేయాలంటే కాల్షియం కావాలి. కాల్షియం ఉన్న జిప్సం వేసేది అందుకే. మట్టి మార్పిడి సామర్థ్యం (సోడియం, కాల్షియం లాంటివాటిని మట్టి ఎంత పట్టి ఉంచగలదో చెప్పే లెక్క) మీరు ఇవ్వలేదు. అది 100 గ్రాములకు 20 మిల్లీ ఈక్వివలెంట్లు అనుకుంటే, ఈఎస్‌పీని 34 నుంచి 10కి దించడానికి పై 15 సెంటీమీటర్లకే హెక్టారుకు 8, 9 టన్నుల శుద్ధమైన జిప్సం పడుతుంది. అంత ఖర్చు పెట్టి వేశాక విడుదలైన సోడియం ఎక్కడికి పోవాలి? కింద నీరు నిలిచి ఉంటే కొన్ని నెలల్లో అదే మళ్లీ పైకి వస్తుంది. అందుకే మీ తోటి ఆయనతో నాకు పేచీ. జిప్సం తప్పు కాదు, మురుగు దారి చూడకుండా వేయడమే తప్పు.

బంకమట్టి కింద ఇసుక ఉంది కదా అని ధైర్యపడకండి. సన్న పొర దాదాపు పూర్తిగా నానేదాకా నీరు కింది ఇసుకలోకి జారదు. వరద మైదానాల్లో ఇలాంటి పొరలు అడుగడుక్కీ మారుతుంటాయి. ఒక్క గొయ్యితో సరిపెట్టకుండా నదికి అడ్డంగా ఒక వరసలో నాలుగైదు తవ్వండి.

మరో సభ్యుడు:

మురుగు కాలువలు తవ్వాలని రాసే ముందు ఆ నీరు ఎక్కడికి పోతుందో కూడా రాయండి. సింధు మైదానంలో పాకిస్తాన్ 1960 దశకంలో వేల గొట్టపు బావులతో నీటి మట్టాన్ని దించింది. అలా తోడిన ఉప్పు నీటిని వదిలించుకోవడం ఇంకో సమస్య అయింది. నెవాడాలోని హంబోల్ట్ నది సముద్రానికే చేరదు, ఎడారి పల్లంలో అంతమవుతుంది. అలాంటి చోట కాలువ తవ్వితే ఉప్పు ఇంకొకరి నేలకే చేరుతుంది. కాలిఫోర్నియాలోని కెస్టర్సన్ జలాశయానికి పొలాల మురుగు నీటిని మళ్లించారు. అందులోని సెలీనియం వల్ల 1983లో అంగవైకల్యంతో పుట్టిన పక్షి పిల్లలు కనిపించాయి. అందుకే సెలీనియం, బోరాన్ పరీక్షలు కూడా చేయించండి. అన్ని చౌడు పల్లాలనూ సాగులోకి తేవాల్సిన అవసరం లేదు. కొన్నిటిని తడి మేతభూమిగా, పక్షుల తావుగా వదిలేయమని రాయడం కూడా సరైన సిఫార్సే.

అడిగినవారు:

అర్థమైందండీ. రిపోర్టు ఆపాను. వచ్చే వారం నదికి అడ్డంగా ఐదు చోట్ల చిల్లుల పైపులు దించి వరద కాలం దాటేదాకా పదిహేను రోజులకోసారి మట్టం కొలుస్తాను. పై పొరలను 10 సెంటీమీటర్ల చొప్పున విడగొట్టి ఈసీ తీయిస్తాను. గ్లాసు పరీక్ష ఈ రాత్రే పెట్టాను. రెండోసారి నీళ్లు పోయగానే పాలలా అయిపోయింది.