పసిబిడ్డ రెండు కళ్లకూ ఒకే మత్తులో ఆపరేషనా, విడివిడిగానా?

హన్మకొండ పెదనాన్న:
మా తమ్ముడి కూతురికి మూడో నెల. పుట్టుకతోనే రెండు కళ్లలో నీటికాసులు, అదే గ్లాకోమా. వెలుతురు తగిలితే కళ్లు గట్టిగా మూసుకుంటుంది, నల్లగుడ్డు మసకబారింది. హైదరాబాద్ డాక్టర్ ఒకే మత్తులో రెండు కళ్లకూ ఆపరేషన్ చేద్దామన్నారు. నాకు ఇష్టం లేదు. పెద్దవాళ్ల శుక్లాలకే ఒక కన్ను మానాక రెండోది చేస్తారే, పసిగుడ్డుకు ఇంత తొందరెందుకు? చీము పడితే రెండు కళ్లూ ఒకేసారి పోవా? కాదనేవారు కారణం చెప్పండి.

జగిత్యాల మాస్టారు:
మీ మాటే నా మాట. మొదటి కన్ను ఎలా మానుతుందో చూసి రెండోదానికి జాగ్రత్త పడవచ్చు. అసలు ఏడాది నిండేదాకా చుక్కల మందుతో నెట్టుకురాలేమా? బిడ్డ కాస్త బరువెక్కుతుంది.

కాజీపేట థియేటర్ నర్సు:
మాస్టారూ, మొదటి మాటపై వాదించుకుందాం. రెండోది మాత్రం ప్రమాదం. కంట్లో ఊరే నీరు బయటికి పోయే మూల ఈ బిడ్డల్లో సరిగా ఏర్పడదు. చుక్కలు ఆ దారిని తెరవలేవు, ఆపరేషన్ దాకా ఒత్తిడిని కొంత అదుపులో ఉంచుతాయి, అంతే. పైగా పెద్దలకు వాడే బ్రిమోనిడిన్ చుక్కలు రెండేళ్లలోపు పిల్లలకు వేయకూడదు, మగత కమ్మి ఊపిరి ఆగే ప్రమాదం ఉంది. పసికన్ను గోడ మెత్తన, ఒత్తిడికి సాగుతుంది. పుట్టినప్పుడు నల్లగుడ్డు అడ్డుకొలత సుమారు 10 మిల్లీమీటర్లు. ఏడాదిలోపే 12 దాటితే అనుమానించాల్సిందే. "ఎంత పెద్ద కళ్లో" అని చుట్టాలు మురిసిపోయేది ఈ కళ్లను చూసే! ఆ ఒత్తిడికి దెబ్బతిన్న చూపు నరం మళ్లీ బాగుపడదు.

ఇక రెండు కళ్ల సంగతి. చీము భయం నిజమే. అందుకే రెండో కంటిని రెండో రోగి కన్నుగా చూడాలి: వేరే పరికరాల సెట్టు, వేరే గుడ్డలు, కొత్త గ్లవ్స్, చేతులు మళ్లీ శుభ్రం చేసుకోవడం. మొదటి కంటిలో తేడా వచ్చినా, మత్తులో బిడ్డ ఊపిరికి ఇబ్బంది అయినా అక్కడితో ఆపేయాలి. ఈ హామీ ఇవ్వని చోట నేనూ విడివిడిగానే చేయించమంటాను.

భూపాలపల్లి నాన్న:
మా బాబుకు ఒకేసారి చేశారు. మాకు హైదరాబాద్ ప్రయాణమంటే మిర్చి ఏరే రోజుల్లో ఇద్దరి కూలీ పోవడం. విడిగా చేసి ఉంటే రెండో కంటికి ఎప్పుడు వెళ్లేవాళ్లమో చెప్పలేను. ఇంటికొచ్చాక కళ్లు నలుపుకోకుండా కాపలా కాయడమే పెద్ద పని.

జగిత్యాల మాస్టారు:
కూలీ బాధ కాదనను. కానీ "ఒకే మత్తు" అని ఊరించడం నచ్చలేదు. తర్వాత ఒత్తిడి కొలవడానికి, నరం చూడటానికి మళ్లీ మళ్లీ మత్తు ఇవ్వరా?

కాజీపేట థియేటర్ నర్సు:
ఇస్తారు. అందుకే తగ్గించగలిగిన ప్రతి మత్తూ లెక్కే. మూడేళ్లలోపు పిల్లలకు పదేపదే, లేదా మూడు గంటలకు మించి మత్తు ఇవ్వడంపై అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2016లో హెచ్చరించింది. పసివయసులో ఒక్కసారి, గంటలోపు ఇచ్చిన మత్తు వల్ల అయిదేళ్లకు తెలివితేటల్లో తేడా కనబడలేదని 2019లో వచ్చిన అంతర్జాతీయ అధ్యయనం చెప్పింది. రెండు కళ్లు కలిస్తే గంట దాటవచ్చు, కాబట్టి ఆ భరోసా మనకు పూర్తిగా వర్తించదు. పసిపిల్లలకు మత్తిచ్చే అనుభవం ఉన్న డాక్టర్ ఉన్నారా అన్నదే నాకు అసలు ప్రశ్న.

హన్మకొండ పెదనాన్న:
ఏ రకం ఆపరేషన్ అన్నదాన్ని బట్టి కూడా మారుతుందా?

కాజీపేట థియేటర్ నర్సు:
మారుతుంది. లోపలి నుంచి కోసే గోనియోటమీకి నల్లగుడ్డు తేటగా ఉండాలి, లేకుంటే మూల కనబడదు. మీ పాపకు మసక ఉందన్నారు కాబట్టి, బయటి నుంచి పాత దారిని తెరిచి, కొత్త దారి కూడా చేసే జంట ఆపరేషన్ చెప్పి ఉంటారు. దీన్ని ఒకే పూట రెండు కళ్లకూ చేయడంపై ఎల్.వి. ప్రసాద్ సంస్థ డాక్టర్ అనిల్ కుమార్ మండల్ బృందం పత్రాలు ప్రచురించింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 3,300 జననాలకు ఒక బిడ్డకు ఈ జబ్బని అక్కడివారే లెక్కగట్టారు. పాశ్చాత్య దేశాల కంటే ఎంతో ఎక్కువ, మేనరికాలూ ఒక కారణం. అన్నట్టు, తర్వాతి కాన్పు బిడ్డకు పుట్టగానే కళ్లు చూపించమనండి.

జగిత్యాల మాస్టారు:
అయినా నేను ఒకేసారికి ఒప్పుకోను. నగరంలో బస దొరికితే, మొదటి కన్ను చేసి వారం ఆగి రెండోది చేస్తే నష్టమేమిటి?

కాజీపేట థియేటర్ నర్సు:
వారమైతే నాకు అభ్యంతరం లేదు. నెలలు జరిగితే మెదడు తేటపడిన కంటికే అలవాటుపడి, రెండోది మందగిస్తుంది.

భూపాలపల్లి నాన్న:
వారం బస ఖర్చు ఎవరు పెట్టుకుంటారో కూడా రాయండి, మాస్టారూ.